స్పీడ్ పెంచితే డీసీబీ టెస్ట్‌లో పగులు దూకుతోంది, ఏ లోడ్ తీసుకోవాలి?

డీసీబీ (డబుల్ కాంటిలీవర్ బీమ్) అంటే శాంపిల్‌ను ఒక చివర రెండు వైపులా లాగి, పొరల మధ్య పగులును తెరిచే టెస్ట్. నాది కార్బన్ ఎపాక్సీ యూడీ (ఫైబర్లన్నీ ఒకే దిశలో ఉండే) లామినేట్, 25 మి.మీ. వెడల్పు, పగులు మొదలవడానికి మధ్యలో 13 మైక్రాన్ల టెఫ్లాన్ ఫిల్మ్. ఈ టెస్ట్ ప్రమాణమైన ఏఎస్‌టీఎం డీ5528 ప్రకారం నిమిషానికి 2 మి.మీ. వేగంతో లాగితే పగులు సాఫీగా పాకుతోంది, విడిపోతున్న ముఖాల మధ్య ఫైబర్లు వెంట్రుకల్లా సాగడం కూడా కనిపిస్తుంది. వేగం 500కి పెంచితే మాత్రం ఆగి ఆగి ఒక్కసారే 8, 10 మి.మీ. దూకుతోంది, లోడ్ గ్రాఫ్ రంపం పళ్లలా వస్తోంది.

కెమెరా సెకనుకు 1000 ఫ్రేములకు మార్చాను, లోడింగ్ బ్లాకులు మళ్లీ అంటించాను, కొత్త ప్యానెల్ నుంచి ఐదు శాంపిళ్లు కోసి చూశాను, అయినా అంతే. పగులు కదలడం మొదలైన లోడ్‌తో లెక్కిస్తే జీ-వన్-సీ (పగులు తెరుచుకుని పెరగడానికి చదరపు విస్తీర్ణానికి కావలసిన శక్తి) దాదాపు మారడం లేదు, ఆగిన చోటి లోడ్‌తో అయితే పావు వంతు తగ్గుతోంది! రెండు వేగాలనూ పోల్చడానికి వీటిలో ఏది వాడాలి?