విశ్వం పెద్దదవుతోందని ముందు చెప్పింది చర్చి ఫాదరా?

కొత్తపట్నం రొయ్యలాయన:
మా మేనకోడలు గ్రూప్స్‌కి చదువుతా ఉంది. విశ్వం వ్యాకోచిస్తోందని 1929లో హబుల్ అనే అమెరికా సైంటిస్టు కనుక్కున్నాడని దాని మెటీరియల్లో ఉంది. రాత్రి చెరువుకాడ ఏరియేటర్లు వేసి ఫోన్ చూస్తా ఉంటే, అంతకుముందే బెల్జియం చర్చి ఫాదర్ ఒకాయన చెప్పాడని ఏదో వీడియో వచ్చింది. ఫాదర్‌కి ఈ లెక్కలతో ఏం పని? ఇంకోటి, అన్నీ మన నుంచి దూరం పోతా ఉంటే నట్టనడుమ ఉండేది మనమేనా? ఒంగోలు మేష్టారు చూస్తే చెప్పండి సార్.

ఒంగోలు రిటైర్డ్ లెక్చరర్:
నిజమే అబ్బాయ్. ఆయన పేరు జార్జ్ లెమైత్ర్. ఇంజినీరింగ్‌లో చేరి, మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగుల దళంలో పనిచేసి, 1923లో ఫాదర్ అయ్యాడు. ఆ వెంటనే కేంబ్రిడ్జిలో ఎడింగ్టన్ అనే పేరున్న ఖగోళ శాస్త్రజ్ఞుడి దగ్గర చదివాడు. 1927లో 42 గెలాక్సీల వేగాలు, దూరాలు ముందేసుకుని వ్యాకోచం రేటు కట్టాడు: మెగాపార్సెక్‌కి సెకనుకు 625 కిలోమీటర్లు. అంటే దాదాపు 33 లక్షల కాంతి సంవత్సరాల దూరం పెరిగినప్పుడల్లా గెలాక్సీ దూరం పోయే వేగం అంత పెరుగుతుందని. ఆ ఏడే బ్రస్సెల్స్‌లో ఐన్‌స్టైన్ కలిసి, లెక్క బాగుంది గానీ ఫిజిక్స్ ఘోరం అన్నాడట. రెండేళ్ళకి హబుల్‌కి వచ్చింది 500. నేటి లెక్క 70కి అటూ ఇటూ. అప్పట్లో దూరాలు బాగా తక్కువ కట్టారు మరి. 500 వేసుకుంటే విశ్వానికి 200 కోట్ల ఏళ్ళే వస్తాయి, భూమికే 450 కోట్లు!

పేరెందుకు రాలేదంటావా, ఆ పేపరు ఫ్రెంచిలో, పెద్దగా ఎవరూ చూడని పత్రికలో వేశాడు. 1931లో ఇంగ్లీషులో వచ్చినప్పుడు రేటు ఉన్న భాగం మాయం. హబుల్ కోసం ఎవరో కత్తెరేశారని అనుమానాలు. 2011లో లెమైత్ర్ రాసిన పాత ఉత్తరం బయటపడింది. తర్జుమా చేసిందీ లెమైత్రే, తీసేసిందీ ఆయనే! పాత అంకెలు మళ్ళీ ఎందుకన్నాడు. శాలువా కప్పలేదని అలిగిపోయినవాళ్ళని చూసినోణ్ణి, నాకీయన తెగ నచ్చాడు.

కందుకూరు కుర్రోడు:
ఫాదర్ కాబట్టే 'ఆది' ఉందన్నాడేమో మాస్టారూ? బైబిల్‌కి లెక్కలు అతికించినట్టుంది.

ఒంగోలు రిటైర్డ్ లెక్చరర్:
అప్పుడూ అట్టాగే అనుకున్నారు. అంతా ఒక్క ఆది అణువులోంచి వచ్చిందని 1931లో అన్నాడు గదా. కానీ 1951లో పోప్ ఇదంతా సృష్టికి రుజువన్నట్టు మాట్లాడితే, ఇబ్బంది పడింది ఈయనే. దీన్ని మతంలోకి లాగొద్దని పోప్ సలహాదారుకి చెప్పొచ్చాడు.

రొయ్యలాయన రెండో ప్రశ్న. టైలర్ దగ్గర ఎలాస్టిక్ ముక్క తీసుకుని అంగుళానికో గుర్తు పెట్టు. రెండింతలు సాగదియ్యి. ఏ గుర్తు కాడ నుంచి చూసినా పక్కది అంగుళం జరిగింది, దాని అవతలది రెండంగుళాలు. ఎంత దూరంలో ఉంటే అంత వేగం. ప్రతి గుర్తుకీ నేనే నడుమ ఉన్నాననిపిస్తుంది. చివరలు మాత్రం మర్చిపో.

కొత్తపట్నం రొయ్యలాయన:
బాగా చెప్పారు సార్. ఇంతకీ పరీక్షలో పాపని ఏం పెట్టమంటారు?

ఒంగోలు రిటైర్డ్ లెక్చరర్:
1929 అంటే హబుల్, 1927 అంటే లెమైత్ర్. ఎంత దూరమో అంత వేగం అనే ఆ నియమం పేరు అడిగితే హబుల్-లెమైత్ర్. 2018లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఓట్లేసి అట్టా పిలవమంది. కీ తయారుచేసేవాడికి ఆ సంగతి తెలుసో లేదో, దానికి నేను పూచీ కాదు.