జీహెచ్‌కే-కాపర్: కొల్లాజెన్‌ను పెంచేది పెప్టైడా, రాగా?

పెప్టైడ్_పక్షం
1973లో లోరెన్ పికార్ట్ మనిషి ప్లాస్మాలో గుర్తించిన గ్లైసిల్-హిస్టిడిల్-లైసిన్ (జీహెచ్‌కే, మూడు అమైనో ఆమ్లాల పెప్టైడ్) వట్టి రాగి మోసే కూలీ అంటే నేనొప్పుకోను. 1988లో ఫ్రాన్స్‌లో మకార్ బృందం ఫైబ్రోబ్లాస్ట్ (కొల్లాజెన్ తయారుచేసే కణాలు) కల్చర్లకు జీహెచ్‌కే-కాపర్ ఇస్తే కణాల సంఖ్య మారకుండానే కొల్లాజెన్ (చర్మానికి బలమిచ్చే ప్రోటీన్) పెరిగింది. గరిష్ఠం 1 నానోమోలార్ దగ్గర! పైగా ఇదే వరుస టైప్-1 కొల్లాజెన్ ఆల్ఫా-2 గొలుసులోనూ ఉంది. గాయంలో ప్రోటియేజ్‌లు (ప్రోటీన్లను కోసే ఎంజైములు) తెగ్గొడితే ఊడిపడే ముక్క మరమ్మతుకు సంకేతం ఎందుకు కాకూడదు?

లిగాండ్_లెక్క
కావచ్చు. కానీ ఆ జీహెచ్‌కే-రాగి కాంప్లెక్స్ మీ డిష్‌లో ఆ రూపంలోనే మిగులుతుందా అన్నది ముందు తేలాలండీ. 10 శాతం ఎఫ్‌బీఎస్ (పశు పిండ సీరం) ఉన్న మీడియంలో, రాగిని పట్టే సీరం ప్రోటీన్ ఆల్బుమిన్ సుమారు 35 మైక్రోమోలార్. అంటే మీ 1 నానోమోలార్‌లో ఒక్కో అణువుకు 35 వేల ఆల్బుమిన్లు. రాగిని పట్టే బలం చూస్తే రెండూ దాదాపు సమానం (బంధ బలం లాగ్ స్థిరాంకాలు: జీహెచ్‌కేకి 16.4, ఆల్బుమిన్‌కి 16.2). రాగి ఎటు పోతుందో వేరే చెప్పాలా?

పెప్టైడ్_పక్షం
అందుకే సీరం తీసేసి చేయాలనేది.

లిగాండ్_లెక్క
తీసేసినా డీఎంఈఎంలో (కణాలు పెంచే మీడియం) హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం 0.2 మిల్లీమోలార్ ఉంటుంది. జీహెచ్‌కే రాగిని మూడు నైట్రోజన్లతోనే పట్టుకుంటుంది, నాలుగో చోటు ఖాళీ. హిస్టిడిన్ వచ్చి అక్కడ కూర్చుంటుంది.

తూకం_తేడా
స్టాక్ సరిగా లేకపోతే మీ ఇద్దరి వాదనా వృథా. బయట దొరికే జీహెచ్‌కే చాలావరకు టీఎఫ్ఏ (ట్రైఫ్లోరోఅసిటిక్ ఆమ్లం) లవణం. రెండు టీఎఫ్ఏలుంటే అణుభారం 568, అసలు పెప్టైడ్ 340 మాత్రమే. లేబుల్ చూడకుండా 3.4 మిల్లీగ్రాములు తూచి 1:1 అనుకుని రాగి కలిపితే అందులో 40 శాతం రాగి పట్టుకునేవాళ్లు లేక తిరుగుతుంది. తర్వాత కణాలు చస్తే పెప్టైడ్‌ను తిట్టుకోవడం!

1 మి.లీ., 10 మిల్లీమోలార్ స్టాక్‌కు: ఆ లవణం 5.7 మిల్లీగ్రాములు నీళ్లలో కరిగించి, 100 మిల్లీమోలార్ కాపర్(II) క్లోరైడ్ 95 మైక్రోలీటర్లు చుక్కచుక్కగా వేయండి. పెప్టైడ్ కొంచెం ఎక్కువుండటం కావాలనే. పలచని సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ మెల్లగా 7.2కి తెచ్చి, నీళ్లతో 1 మి.లీ. చేసి, 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టండి. నిలకడైన నీలం రావాలి. మబ్బుగా మారిందంటే విడి రాగి హైడ్రాక్సైడ్‌గా దిగుతున్నట్టే. పీబీఎస్‌లో (ఫాస్ఫేట్ ఉన్న ఉప్పు ద్రావణం) మాత్రం చేయకండి, విడి రాగి ఉంటే ఫాస్ఫేట్‌గానూ దిగిపోతుంది.

ఇంకొకటి. కొల్లాజెన్ కోసం అందరూ ఆస్కార్బేట్ (విటమిన్ సి) కలుపుతారు. మైక్రోమోలార్ మోతాదుల్లో అదీ రాగీ కలిస్తే హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. ఆస్కార్బేట్-2-ఫాస్ఫేట్ వాడటం మేలు. ప్రోటీన్ కొలతకు బీసీఏ పరీక్ష వద్దు, అది నడిచేదే రాగి క్షయకరణం మీద.

పెప్టైడ్_పక్షం
సరే. ఈ వెల్స్ (గుంటలు) పోలుద్దాం: వెహికల్ (ఏదీ కలపని ద్రావణం), రాగి ఒక్కటే, జీహెచ్‌కే ఒక్కటే, రెండూ కలిపి, వీటితోపాటు గ్లై-గ్లై-హిస్-కాపర్. చివరిది పనిచేయకపోతే జీహెచ్‌కే వరుసకే ఆ గుణం ఉందని ఒప్పుకుంటారా?

లిగాండ్_లెక్క
ఒప్పుకోను. గ్లై-గ్లై-హిస్ నాలుగు చోట్లా రాగిని బిగించేస్తుంది, తేలిగ్గా వదలదు. అది పనిచేయకపోతే రాగి అందలేదనీ అనొచ్చు. తేలిగ్గా వదిలే కాపర్-హిస్టిడిన్ వెల్స్ కూడా పెట్టండి. అవీ పనిచేయక జీహెచ్‌కే-కాపర్ మాత్రమే నిలబడితే అప్పుడు మాట్లాడదాం.