అప్‌డేట్: డిండిలో చేపల వేటకు కెమెరా తీసుకున్నాం
ఇంటిల్లిపాదీ డిండి రిజర్వాయర్ దగ్గర గాలాలేస్తుంటే వీడియో తీయడానికి ఒంటికి కట్టుకునే చిన్న యాక్షన్ కెమెరానా, జూమ్ ఉన్న హ్యాండీక్యామా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. యాక్షన్ కెమెరానే కొన్నాం. ఛాతీకి బెల్టుతో కట్టుకుంటే రెండు చేతులూ ఖాళీ. చిన్నాయన కొర్రమట్టను లాగుతున్నంతసేపూ గాలం, చేతులు, నీళ్లు అన్నీ ఫ్రేమ్‌లోనే ఉన్నాయి. దూరంగా కూర్చున్న మామ మాత్రం చీమంత కనిపించాడు. ఎక్కువ మేర చూపించే వైడ్ లెన్స్‌తో అంతే, అలాంటి షాట్లు ఫోన్ జూమ్‌తో తీస్తున్నాం.

అసలు తలనొప్పి గాలి హోరు. మైక్‌కు స్పాంజి కవర్ తొడిగాకే మాటలు వినిపిస్తున్నాయి. లెన్స్ ముందు పోలరైజర్ ఫిల్టర్ (మెరుపు తగ్గించే అద్దం) పెట్టమన్నవారికి థ్యాంక్స్, నీళ్ల మీద ఎండ మెరుపు బాగా తగ్గింది. బాగా ఎక్కువ స్పష్టత ఉండే 4కేలో తీస్తే మెమరీ కార్డు తొందరగా నిండుతోంది, కెమెరా వేడెక్కుతోంది. అందుకే స్పష్టత కాస్త తక్కువుండే 1080లోనే తీస్తున్నాం, ఇంట్లో టీవీకి చాలు.

డ్రోన్‌కు చిన్నాయన ఒప్పుకోలేదు, చేపలు బెదురుతాయట!