ఇటాలియన్ 'స్వెంత్రారే'ని తెలుగులో ఏమందాం?

నేపుల్స్ మేయర్ నికోలా అమోరే గురించి వ్యాసం రాస్తూ ఒక్క మాట దగ్గర ఆగిపోయానండి.

1884లో కలరా ఆ ఊళ్లో సుమారు 7 వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఇరుకు సందులు, గాలాడని నేలగదులు, పాడునీళ్లు. అప్పుడు ఇటలీ ప్రధాని దెప్రేతిస్ అన్నాడని చెప్పుకునే మాట: 'నేపుల్స్‌ని స్వెంత్రారే చేయాలి'. వెంత్రే అంటే పొట్ట. స్వెంత్రారే అంటే దాన్ని చీల్చి లోపలిదంతా తీసేయడం. మొదట 'ప్రక్షాళన' అని రాసి కొట్టేశాను. అందులో నీళ్ల చప్పుడే తప్ప ఇళ్లు కూలిన చప్పుడు లేదు.

అమోరే పట్టుబట్టి సాధించిన, నేపుల్స్‌ని బాగుచేసే 1885 చట్టం చుట్టూ నడిచిన మాట వేరు: రిసానమెంతో. సానో అంటే ఆరోగ్యంగా ఉన్న అని, రిసానమెంతో అంటే మళ్లీ ఆరోగ్యంగా చేయడం. ఆయన వృత్తిరీత్యా వకీలు. మేయర్‌ని ఇటాలియన్‌లో సిందకో అంటారు. దాని గ్రీకు మూలానికి అర్థం, న్యాయస్థానంలో మన పక్కన నిలబడేవాడు. ఆయనకు ఎంత సరిపోయిందో! సెరీనో ఊటల మంచినీళ్లు ఊళ్లోకి వచ్చిందీ ఆయన హయాంలోనే, 1885లో.

— 'జీర్ణోద్ధరణ' అంటే కుదరదాండీ?

— కుదరదండీ. జీర్ణోద్ధరణ చేస్తే గుడి నిలుస్తుంది. ఇక్కడ పేటలకు పేటలే పోయి, వాటి మీదుగా రెత్తీఫీలో అనే తిన్నని వీధి పడింది.

— మా వైపు చేపలమ్మే ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని, 'పొట్ట తీసిమ్మంటారా అమ్మా?' అని అడుగుతుంది. ఆ మాటే వాడండి.

— అదే ఖాయం చేస్తున్నానమ్మా, 'నేపుల్స్ పొట్ట తీయాలి'. చేప పొట్ట తీసిన చేతికి ఆ వాసన సాయంత్రం దాకా పోదు. ఆ కటువు అనువాదంలో ఉండాల్సిందే. చట్టం మాటకు 'స్వస్థత' వాడతాను.

ఇంకొకటి. పొట్ట తీస్తే చాలదు, దాదాపు ఊరంతా మళ్లీ కట్టాలని రచయిత్రి మతిల్దే సెరావో అప్పుడే రాసింది. ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ చూసి, ఆ కొత్త వీధిని 'పరావెంతో' అంది: వెనకాల పాత సందులు కనపడకుండా నిలబెట్టిన అడ్డు. దీనికి మాత్రం వెతుక్కోలేదు. తడిక.