600 ప్రాసెస్ మోడళ్లు: ఎక్కడ పెట్టాలి, ఎలా వెతకాలి, నకళ్లు ఎలా పట్టాలి?

లేన్_గీత (ప్రశ్న):
దాదాపు 600 ప్రాసెస్ మోడళ్లు (ఒక పని ఏ వరుసలో జరుగుతుందో చూపే పటాలు) ఒక షేర్డ్ ఫోల్డర్‌లో ఉన్నాయి. చాలావరకు బీపీఎమ్ఎన్ 2.0 ఫైళ్లు (ప్రాసెస్‌లు గీసే ప్రామాణిక పద్ధతి), కొన్ని పాత ఆరిస్ ఈపీసీలు (ఈవెంట్లు, ఫంక్షన్ల గొలుసుగా గీసే పాత పద్ధతి), కొన్ని విజియో బొమ్మలు. ఒకే ప్రాసెస్ "ఫైనల్", "ఫైనల్ 2", "ఆమోదించినది" అని మూడు పేర్లతో దొరుకుతోంది. ఫైళ్ల వెర్షన్లు దాచే గిట్‌లో పెడితే, వేరే టూల్‌లో తెరిచి సేవ్ చేసినంత మాత్రానే ఫైల్ మొత్తం మారినట్టు డిఫ్ (రెండు ప్రతుల తేడా) చూపిస్తోంది. "ఇన్వాయిస్ ఆమోదం తర్వాత ఎప్పుడైనా చెల్లింపు ఉన్న ప్రాసెస్‌లు ఏవి?" లాంటి ప్రశ్నకు జవాబు రావాలి. దగ్గరదగ్గరగా ఒకేలా ఉన్న మోడళ్లు ఏవో తెలియాలి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

టోకెన్_నడక:
ముందు ఒకటి తేల్చుకోండి: అసలు ప్రతి ఏది? నా సలహా, బీపీఎమ్ఎన్ ఎక్స్ఎంఎల్ ఫైలే అసలు ప్రతి. డేటాబేస్, సెర్చ్ ఇండెక్స్ అన్నీ దాన్నుంచి పుట్టేవే. ఎప్పుడు చెరిపేసినా మళ్లీ కట్టుకోగలిగేలా ఉండాలి.

తర్వాత ఐడీలు. ఫైల్ పేరు వేరు, లోపలి ప్రాసెస్ ఐడీ వేరు. ఫైల్‌ను కాపీ చేసి కొత్త వేరియంట్ గీస్తే లోపల పాత ఐడీయే మిగిలిపోతుంది. కముండా లాంటి ఇంజిన్‌లో (మోడల్‌ను నిజంగా నడిపే సాఫ్ట్‌వేర్) డిప్లాయ్ చేయగానే అది పాత ప్రాసెస్‌కు కొత్త వెర్షన్‌గా కూర్చుంటుంది. అందుకే ఫోల్డర్ మొత్తం మీద ఒక స్క్రిప్ట్ నడిపి, ఒకే ప్రాసెస్ ఐడీ ఉన్న ఫైళ్ల జాబితా తీయండి. మీ మూడు "ఫైనల్"లు చాలావరకు అక్కడే బయటపడతాయి. కొత్త ఐడీకి యూయూఐడీ (యంత్రం పుట్టించే, మళ్లీ రాని పొడవాటి గుర్తు) వాడితే ముందు ఒక అక్షరం తగిలించండి. ఎక్స్ఎంఎల్ ఐడీ అంకెతో మొదలవకూడదు, కొన్ని టూల్స్ ఆ ఫైల్‌ను తెరవవు.

డిఫ్ గొడవకు కారణం: బీపీఎమ్ఎన్ ఫైల్‌లో రెండు భాగాలుంటాయి. ఒకటి అర్థం (టాస్కులు, దారులు చీలే లేదా కలిసే గేట్‌వేలు, వీటిని కలిపే ఫ్లోలు), రెండోది బొమ్మ (ఎక్కడ, ఎంత సైజు). టూల్ మారితే ఎలిమెంట్ల వరుస, నేమ్‌స్పేస్ ప్రిఫిక్సులు (ట్యాగుల ముందుండే పొట్టి పేర్లు), ఎక్స్‌పోర్టర్ (ఫైల్ రాసిన టూల్) పేరు, వెర్షన్ అన్నీ మారతాయి. పోల్చడానికి మాత్రమే ఒక సాపు ప్రతి తయారుచేయండి: బొమ్మ భాగం తీసేసి, ఎక్స్‌పోర్టర్ గుణాలు తీసేసి, ఎలిమెంట్లను ఐడీ వరుసలో పేర్చి. అసలు ఫైల్‌ను మాత్రం అలా పేర్చి రాయొద్దు. కొన్ని ఇంజిన్లు ఎక్స్‌క్లూజివ్ గేట్‌వే (ఒక్క దారే పట్టే చీలిక) దగ్గర షరతులను ఎక్స్ఎంఎల్‌లో రాసిన వరుసలోనే పరీక్షించి, మొదట నిజమైన దారి పట్టుకుంటాయి. రెండు షరతులు ఒకదాని మీద ఒకటి పడితే, వరుస మారినంత మాత్రాన ప్రాసెస్ నడకే మారిపోతుంది. ఇంజిన్‌లో నడిచే మోడళ్లయితే సాపు ప్రతిలో కూడా సీక్వెన్స్ ఫ్లోల వరుస కదపకండి.

బీపీఎమ్ఎన్-జేఎస్-డిఫర్ అనే పోలిక లైబ్రరీ వాడితే చేరినవి, పోయినవి, మారినవి, కేవలం జరిగినవి విడివిడిగా వస్తాయి. అది ఐడీలతోనే జత కడుతుంది. టూల్ సేవ్ చేసినప్పుడల్లా ఐడీలు కొత్తగా పుట్టిస్తుంటే అన్నీ పోయి అన్నీ చేరినట్టు చూపిస్తుంది. అలాంటి టూల్‌ను పక్కన పెట్టడమే మేలు.

ఇంకో మాట. మోడళ్లకు గిట్ మెర్జ్ నమ్మకండి. ఒకరు టాస్క్ తీసేసి, ఇంకొకరు దాన్ని పక్కకు జరిపితే, మెర్జ్ అయ్యాక (రెండు మార్పులు కలిశాక) లేని టాస్క్‌కు బొమ్మ మిగిలిపోవచ్చు. ఒకరు తీసుకుంటే తాళం పడే పద్ధతే ఇక్కడ పనికొస్తుంది.

గేట్‌వే_వేట:
వెతుకులాట సంగతి నేను చెప్తాను. ప్రతి మోడల్ నుంచి ఇండెక్స్‌లోకి ఎక్కించాల్సినవి: లేబుళ్లు, టాస్క్ రకం, లేన్ (పని ఎవరిదో చూపే పట్టీ), డేటా ఆబ్జెక్టులు, పిలిచే ప్రాసెస్‌లు. వీటితో పాటు "ఏ నోడ్ (టాస్క్, గేట్‌వే లేదా ఈవెంట్) నుంచి ఏ నోడ్‌కు దారి ఉంది" అనే జతలు. 50 నోడ్ల మోడల్‌కు గరిష్ఠంగా 2,500 జతలు, 600 మోడళ్లకు 15 లక్షల వరుసలు. మామూలు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు అది లెక్కే కాదు. మీ ఇన్వాయిస్ ప్రశ్న అప్పుడు ఒక్క జాయిన్‌తో (పట్టికలను కలిపి అడిగే క్వెరీ) తేలిపోతుంది.

జతలు కట్టేటప్పుడు బౌండరీ ఈవెంట్లు మరిచిపోకండి. టాస్క్ అంచున కూర్చున్న టైమర్‌కో ఎర్రర్‌కో ఆ టాస్క్ నుంచి సీక్వెన్స్ ఫ్లో ఉండదు, "దేనికి అతుక్కుంది" అనే గుణం మాత్రమే ఉంటుంది. దాన్ని ఒక అంచుగా కలపకపోతే మినహాయింపు దారులన్నీ వెతుకులాటకు చిక్కకుండా పోతాయి.

దారి ఉందంటే అది ప్రతిసారీ జరుగుతుందని కాదు. అంతకన్నా పెద్ద చిక్కు: ప్యారలల్ గేట్‌వే (అన్ని కొమ్మలూ నడిచే చీలిక) రెండు కొమ్మల్లో ఉన్న టాస్కుల మధ్య దారి ఉండదు, ఎక్స్‌క్లూజివ్ కొమ్మల్లో ఉన్నవాటి మధ్యా ఉండదు. కానీ మొదటి రెండూ కలిసి జరుగుతాయి, రెండో రెంటిలో ఒకటే జరుగుతుంది. దారుల పట్టిక ఈ తేడా చెప్పలేదు. అది కావాలంటే బిహేవియరల్ ప్రొఫైల్ కట్టాలి: ప్రతి జతకు "కచ్చితమైన వరుస", "ఒకటుంటే ఇంకోటి ఉండదు", "ఎలాగైనా కలగలవొచ్చు" అనే మూడింట్లో ఒకటి. దానికి ముందు మోడల్ సరిగ్గా ఉందో లేదో చూడాలి. ఎక్స్‌క్లూజివ్‌గా చీల్చి ప్యారలల్‌గా కలిపితే ప్రాసెస్ అక్కడే ఆగిపోతుంది. తిరగేసి గీస్తే ఆ తర్వాతి పనులు రెండేసి సార్లు జరుగుతాయి. ఇలాంటివాటిని ఇండెక్స్‌లో "తప్పున్నవి" అని గుర్తు పెట్టి వేరుగా ఉంచండి.

లేబుళ్లు తెలుగులో ఉంటే పోల్చే ముందు ఎన్ఎఫ్‌సీకి (యూనికోడ్ అక్షరాలను ఒకే రూపంలోకి తెచ్చే పద్ధతి) మార్చండి, ఆపైన జీరో విడ్త్ నాన్‌జాయినర్‌ను (అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తు) తీసేయండి. ఎన్ఎఫ్‌సీ దాన్ని తీయదు. కంటికి ఒకేలా ఉన్న రెండు లేబుళ్లు అందుకే కలవవు. "ఇన్వాయిస్ ఆమోదం", "ఇన్వాయిస్ ఆమోదించు" లాంటివాటికి ట్రైగ్రామ్ పోలిక (మూడేసి అక్షరాల ముక్కలు ఎన్ని కలుస్తాయో చూడడం) సరిపోతుంది. "బిల్లు పాస్ చేయు"కు మాత్రం పర్యాయపదాల పట్టిక కావాలి, దాన్ని చేత్తో కట్టాల్సిందే.

అంచు_దూరం:
నకళ్ల విషయం. 600 మోడళ్లంటే 1,79,700 జతలు. ప్రతి జతకూ గ్రాఫ్ ఎడిట్ డిస్టెన్స్ (ఒక మోడల్‌ను రెండోదిగా మార్చడానికి కావాల్సిన కనీస మార్పులు) కచ్చితంగా లెక్కించబోతే పని తెమలదు, అది ఎన్‌పీ-హార్డ్ సమస్య, అంటే సైజు పెరిగే కొద్దీ వేగంగా తేల్చే పద్ధతి తెలియనిది. ముందు చవక జల్లెడ పట్టండి: నోడ్ల సంఖ్యలో రెట్టింపు తేడా ఉన్న జతలు వదిలేయండి, ఒకేలాంటి లేబుళ్లు మూడో వంతు కూడా లేనివి వదిలేయండి. మిగిలినవాటికి గ్రీడీ పద్ధతి చాలు: ఎక్కువ పోలిక ఉన్న నోడ్ జతను కలుపుతూ పోవడమే.

ఉదాహరణకు ఒక మోడల్‌లో 12 నోడ్లు, 12 అంచులు. రెండోదాంట్లో 14 నోడ్లు, 15 అంచులు. 11 నోడ్లు, 10 అంచులు జతపడ్డాయి. జతపడని నోడ్లు 26లో 4, అంటే 0.154. అంచులు 27లో 7, అంటే 0.259. జతపడ్డ లేబుళ్ల సగటు తేడా 0.10. మూడింటి సగటు 0.171, కాబట్టి పోలిక 0.83. ఇది మనిషి చూడదగ్గ జత, అంతే. 0.83 వచ్చిందని కలిపేయకండి. జతపడని ఆ నాలుగు నోడ్లు చట్టం అడిగే తనిఖీలు కావచ్చు. నిజమైన వేరియంట్ అయితే రెండూ ఉంచి, "ఫలానాదానికి వేరియంట్" అనే సంబంధాన్ని మెటాడేటాలో రాయండి.

మొత్తం మోడల్ కలవకపోయినా ముక్కలు కలవొచ్చు. ఒకే ప్రవేశం, ఒకే నిష్క్రమణ ఉన్న ముక్కలుగా విడగొట్టి, లేబుళ్లతో సహా హాష్ చేస్తే (ప్రతి ముక్కకూ దాని నుంచే పుట్టే పొట్టి గుర్తు), మూడు నాలుగు చోట్ల అతికించిన భాగాలు దొరుకుతాయి. నాలుగు నోడ్ల కంటే చిన్నవాటిని పట్టించుకోకండి, ఫలితాలు వాటితోనే నిండిపోతాయి.

లేన్_గీత:
చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలండీ. ఈపీసీలు, విజియో ఏం చేయమంటారు? కాల్ యాక్టివిటీతో (ఒక ప్రాసెస్ నుంచి ఇంకో ప్రాసెస్‌ను నడిపే మెట్టు) పిలిచే ప్రాసెస్ మారితే ఎవరి మీద ప్రభావం పడుతుందో ఎలా తెలుసుకోవడం?

టోకెన్_నడక:
ఈపీసీలో ఫంక్షన్లు టాస్కులవుతాయి. ఈవెంట్లు చాలావరకు మాయమవుతాయి. మొదటిది, చివరిది, చీలిక తర్వాత వచ్చేవి (ఫ్లో షరతు పేర్లుగా) మిగులుతాయి. ఆర్ కనెక్టర్లు (ఒకటో అంతకన్నా ఎక్కువో దారులు పట్టే చీలికలు) ఉన్నవాటిని మాత్రం మెషీన్‌కు వదలకండి, ఒక్కొక్కటీ చూసి మార్చాలి.

విజియోలో గీత బాక్సును తాకినట్టు కనిపించినా అతుక్కుని ఉండకపోవచ్చు. వీఎస్‌డీఎక్స్ ఫైల్‌ను జిప్‌లా విప్పి పేజీ ఎక్స్ఎంఎల్ చూస్తే, అతుక్కున్న కొసలకు మాత్రమే కనెక్ట్ అనే ఎంట్రీ ఉంటుంది. రెండు కొసల్లో ఏ ఒక్కదానికైనా ఎంట్రీ లేని గీతల జాబితా తీసి, వాటిని సరిచేశాకే మార్పిడి మొదలుపెట్టండి.

కాల్ యాక్టివిటీలకు "ఎవరు ఎవర్ని పిలుస్తున్నారు" పట్టిక కట్టి రికర్సివ్ క్వెరీ (తన ఫలితాన్నే మళ్లీ వెతికే క్వెరీ) రాయండి, పై పొరల దాకా వస్తుంది. పక్కనే బైండింగ్ (ఏ వెర్షన్‌ను పిలవాలనే సెట్టింగ్) కూడా దాచండి: "లేటెస్ట్" అని ఉంటే కొత్త వెర్షన్ ఎక్కగానే ఆ తర్వాతి పిలుపులన్నీ దానికే వెళ్తాయి, వెర్షన్ నంబర్ రాసి ఉంటే వెళ్లవు. పిలిచే పేరును ఎక్స్‌ప్రెషన్‌గా (నడిచేటప్పుడే తేలే సూత్రం) రాసిన చోట్ల ఫైల్ చదివి తెలుసుకోలేం. వాటిని విడిగా గుర్తించి, నడిచిన ఇన్‌స్టెన్సుల (ప్రాసెస్ ఒక్కోసారి నడిచిన సందర్భాలు) చరిత్ర నుంచి అసలు పేర్లు తీసి ఆ పట్టికలో చేర్చండి.