అప్‌డేట్: అమ్మ బీపీ, షుగర్ మందుల ఖర్చు తగ్గింది

మా వీధి క్లినిక్‌లో అమ్మకు రాసే మందులన్నీ అవసరమేనా, నెలనెలా ఇంత బిల్లెందుకని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. చీటీ ఇంకో ఎండీ డాక్టర్‌కి చూపించమన్న మాటే పనిచేసింది. బీపీకి వాడే టెల్మిసార్టాన్ 40, షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ 500 అలాగే ఉంచారు. ఎప్పుడో గ్యాస్‌కని మొదలెట్టిన పాంటోప్రజోల్, మల్టీవిటమిన్ ఆపించారు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే ఒంట్లో విటమిన్ బి12 తగ్గొచ్చని ఆ పరీక్ష మాత్రం రాశారు. మా అంతట మేము ఏదీ ఆపలేదు, దయచేసి మీరూ ఆపకండి.

బ్రాండ్లకు బదులు మందు పేర్లే రాయించుకుని జనఔషధి కేంద్రంలో (ప్రభుత్వ పథకం కింద జెనరిక్ మందులు తక్కువ ధరకు అమ్మే షాపు) కొన్నాం. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు, ఎంజీ పాతదానితో కలిపి చూసుకున్నాం. బిల్లు సగానికి పైగా తగ్గింది, బీపీ అదుపులోనే ఉంది. ఆన్‌లైన్ డిస్కౌంట్లతో మాకు పెద్దగా తేడా రాలేదు.