పాత మిల్లింగ్ మెషిన్ కొనేముందు ఏమేమి చూడాలి?

ప్రశ్న: విజయనగరంలో మా ఇంటి వెనుక షెడ్డులో చిన్న లేత్ పెట్టుకుని పంపుల విడిభాగాలు చేస్తుంటాను. విశాఖ ఆటోనగర్‌లో ఒక పాత టరెట్ మిల్లింగ్ మెషిన్ (తిరిగే కట్టర్‌తో లోహాన్ని చెక్కే, తల భాగాన్ని పక్కలకు తిప్పుకోగల యంత్రం) అమ్మకానికి ఉంది. దానికి కొత్తగా రంగు వేశారు. మా ఇంటికి సింగిల్ ఫేజ్ కరెంటు మాత్రమే ఉంది. కొనేముందు ఏమి పరీక్షించాలో అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.

జవాబు 1: రంగును బట్టి నిర్ణయానికి రాకండి. ఎక్కువ పని టేబుల్ మధ్యలోనే జరుగుతుంది కనుక స్లైడ్లు (టేబుల్ జారే దారులు), దానిని నడిపే స్క్రూ అక్కడే అరుగుతాయి. మధ్యలో టేబుల్ వదులు లేకుండా గిబ్ (స్లైడ్లలో వదులును సరిచేసే పట్టీ) బిగించి, తర్వాత హ్యాండిల్‌తో రెండు చివరల దాకా నడిపించండి. చివరలకు వచ్చేసరికి టేబుల్ పట్టేసినట్లయితే స్లైడ్లు బాగా అరిగినట్టే, ఆ మరమ్మతు ఖర్చు చాలా ఎక్కువ. స్క్రూలో కొంత ప్లే (వదులు) ఉన్నా భయపడనక్కరలేదు, నట్టు మార్చుకోవచ్చు. స్పిండిల్ టేపర్ (కట్టర్‌ను పట్టి తిప్పే భాగంలోని, లోపలికి సన్నబడే రంధ్రం) లోపల వేలితో తడిమి, గీతలు పడ్డాయేమో తప్పక చూడండి.

జవాబు 2: కరెంటు గురించి అంత దిగులు వద్దు. మోటారు టెర్మినల్ బాక్సు తెరిచి చూడండి. 415 వోల్టులకు స్టార్‌లో కలిపిన త్రీ ఫేజ్ మోటారు అయి, వైండింగుల ఆరు కొసలూ బయటికి వచ్చి ఉంటే, దానిని డెల్టాకు మార్చి (స్టార్, డెల్టా అంటే ఆ కొసలను కలిపే రెండు పద్ధతులు), సింగిల్ ఫేజ్ తీసుకునే వీఎఫ్‌డీతో (మోటారుకు త్రీ ఫేజ్ ఇచ్చి వేగాన్ని నియంత్రించే పరికరంతో) సుమారు 240 వోల్టుల మీద నడపవచ్చు. నేను శ్రీకాకుళంలో 2 హెచ్‌పీ మోటారును అలాగే నడుపుతున్నాను.

జవాబు 3: పూర్తి సైజు టరెట్ మెషిన్ దాదాపు టన్ను బరువుంటుంది. షెడ్డు నేల దృఢంగా ఉందో లేదో, క్రేన్ లోపలికి రాగలదో లేదో చూసుకున్నాకే బయానా ఇవ్వండి.